‘గోల్డ్‌స్టార్’ ఎందుకంత కష్టం? విశాఖ స్టూడియోలో ఒక చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం స్టూడియో నుంచి సంగీత చర్చకు స్వాగతం. ఇవాళ మనం మాట్లాడుకునేది న్యూయార్క్ బ్యాండు ఇంపీరియల్ ట్రయంఫంట్ చేసిన ‘గోల్డ్‌స్టార్’ ఆల్బమ్ గురించి. 2025 మార్చి 21న సెంచరీ మీడియా అనే రికార్డు కంపెనీ దీన్ని విడుదల చేసింది. బ్లాక్ మెటల్‌ని, అంటే రాక్‌లో అరుపులతో, విపరీతమైన వేగంతో సాగే శైలిని, జాజ్‌తో కలిపి, వినేవాళ్లకి ఎక్కడా ఊపిరి సలపనివ్వకుండా వాయించే బృందం ఇది. ముగ్గురే మనుషులు, ముగ్గురూ బంగారు రంగు ముఖోటాలు పెట్టుకుని వేదికెక్కుతారు. మనతో ఇక్కడా ముగ్గురున్నారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, ఏళ్లుగా మృదంగం నేర్పుతున్న మాస్టారు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ మెటల్ బ్యాండులో గిటార్ వాయించే యువకుడు. రికార్డింగులు, మిక్సింగ్ చేసే సౌండ్ ఇంజనీరు. మాస్టారూ, మీతోనే మొదలుపెడతాను. ఆల్బమ్ పూర్తిగా విన్నారా?

మృదంగం మాస్టారు: విన్నానమ్మా, మొత్తం విన్నాను. ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఆ గొంతు నాకు పట్టలేదు. ఆ అరుపులో శ్రుతి ఎక్కడుందని వెతికి వెతికి వదిలేశాను. కానీ డ్రమ్స్ వాయించే అబ్బాయిని మాత్రం వదల్లేకపోయాను. మొదటిసారి విన్నప్పుడు అంతా కలగాపులగంగా అనిపించింది. రెండోసారి గొంతునీ గిటార్‌నీ పక్కన పెట్టి, అతని చేతుల్నే పట్టుకుని వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఇందులో ఒక్క దెబ్బ కూడా ఊరికే పడలేదని.

గిటారిస్టు: ఆయన పేరు కెన్నీ గ్రోహౌస్కీ, మాస్టారూ. జాజ్ వాళ్లతో చాలా వాయించాడు. న్యూయార్క్ సంగీతకర్త జాన్ జోర్న్ నడిపే సిములాక్రమ్ బృందంలో కూడా డ్రమ్స్ ఆయనే. బేస్ గిటార్ వాయించే స్టీవ్ బ్లాంకో పియానో కూడా వాయిస్తాడు, ఆయనదీ జాజ్ దారే. గిటార్, గొంతు జాకరీ ఎజ్రిన్‌వి. బ్లాక్ మెటల్ వైపు నుంచి వచ్చినవాడు ఆయన.

మృదంగం మాస్టారు: అదీ సంగతి. అందుకే ఆ చెయ్యి ఒకే దెబ్బని ఒకేలా రెండుసార్లు కొట్టదు. నేను ఆది తాళం వేసుకుంటూ విన్నాను. కాసేపు బాగానే కలిసి నడుస్తుంది, అంతలో సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, జారిపోతుంది. తప్పానేమో అనుకుని మళ్లీ వెనక్కి వెళ్లి వేశాను. వాళ్లు తప్పలేదు, నేనూ తప్పలేదు. గిటార్ ఒక లెక్కలో పోతోంది, డ్రమ్స్‌లో కుడిచెయ్యి ఇంకో లెక్కలో పోతోంది. రెండూ ఒకచోట కలుసుకోవడానికి చాలా దూరం వెళ్లాలి. వాద్యం ముగించేటప్పుడు వేసే మన ముక్తాయింపులోనూ జరిగేది ఇదే కదా? వినేవాడికి తాళం చెదిరిపోయినట్టు అనిపిస్తుంది, వాయించేవాడికి మాత్రం ఎక్కడ దిగాలో ముందే తెలుసు.

వ్యాఖ్యాత: మరి తేడా ఏమిటి? మన కచేరీలో ఆ తికమకని ఆనందంగా వింటాం. ఇక్కడ చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తున్నారు.

మృదంగం మాస్టారు: మన కచేరీలో సభలో సగం మంది చేత్తో తాళం వేస్తూనే ఉంటారు. మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం ఎంత మెలికలు తిరిగినా ఆ చెయ్యి కళ్ల ముందే ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో ఆ తాళం వేసే చెయ్యి లేదు. దాన్ని మనమే వేసుకోవాలి. శ్రోత మీద ఆ భారం పెట్టడం తప్పంటారా? నేననను. మన విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారికి ‘పంచముఖి పరమేశ్వర’ అని బిరుదు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారట. 1919లో ఆ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. అలాంటి లయని చూసి ముచ్చటపడిన నేల ఇది. ఇక్కడివాళ్లు లెక్క కష్టంగా ఉందని ఆల్బమ్ ఆపేస్తే నాకు బాధగానే ఉంటుంది.

సౌండ్ ఇంజనీరు: మాస్టారూ, లెక్క ఒక్కటే అయితే ఇంతమంది ఆపరు. స్వరాల రాపిడి వాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తమ్ముడూ, గిటార్ తెచ్చావు కదా, ఒకసారి ప్లగ్ పెట్టకుండానే చూపించు. మొదటి తీగ ఖాళీగా వదిలెయ్, రెండో తీగ ఆరో మెట్టు మీద నొక్కు. రెండూ కలిపి మీటు.

(గిటారిస్టు మీటాడు. రెండు స్వరాలు కలిసి గరగరమంటూ మోగాయి.)

సౌండ్ ఇంజనీరు: విన్నారా? మొదటి తీగ సెకనుకి సుమారు 330 సార్లు కంపిస్తుంది. నొక్కిన తీగ సుమారు 349 సార్లు. రెండింటి మధ్య తేడా దగ్గర దగ్గర 20. చెవి ఆ రెంటినీ విడదీయలేదు, కలిపి ఒకటిగానూ వినలేదు. ఆ తేడా గరుకుగా వినిపిస్తుంది. ఇప్పుడు యాంప్లిఫయర్‌కి పెట్టి డిస్టార్షన్ వెయ్, నాదాన్ని కావాలని గరుకుగా విరిచేది.

(గిటారిస్టు అవే స్వరాలు డిస్టార్షన్‌తో మీటాడు. స్టూడియోలో స్పీకర్ల జాలీ అదిరింది.)

వ్యాఖ్యాత: అమ్మో. ఇందాకటి స్వరాలేనా ఇవి?

సౌండ్ ఇంజనీరు: అవే. డిస్టార్షన్ వేసినప్పుడు రెండు స్వరాల కూడిక, తీసివేత కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జమం, పంచమం కలిపి మీటితే ఆ పుట్టేవి కూడా అదే వరసలో ఒదిగిపోతాయి. అందుకే రాక్ గిటారిస్టులు ఎక్కువగా ఆ జతనే వాడతారు, ఎంత డిస్టార్షన్ వేసినా గట్టిగా, శుభ్రంగా నిలబడుతుంది. పక్కపక్క స్వరాలు కలిపి మీటితే పుట్టేవి ఏ వరసలోనూ ఇమడవు. ఎజ్రిన్ ఆల్బమ్ పొడుగునా ఈ రెండో పనే చేస్తాడు. కావాలనే చేస్తాడు. ఏ స్వరం పక్కన ఏది పెడితే ఎంత రాపిడి పుడుతుందో అతనికి బాగా తెలుసు.

మృదంగం మాస్టారు: తంబుర శ్రుతి చేసేటప్పుడు మేం సరిగ్గా ఆ అలల్నే వింటాం. రెండు తీగలు కాస్త ఎడంగా ఉంటే నాదం ఊగుతుంది. ఆ ఊగిసలాట ఆగేదాకా బిరడా తిప్పుతాం. వీళ్లు ఆ ఊగిసలాటతోనే పాట కడుతున్నారు. మా సంప్రదాయంలో కూడా ఇలాంటి భయం ఒకటి ఉందమ్మా. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 40 వివాది మేళాలు, పక్కపక్క స్వరాలు రాసుకునేవి. షట్శ్రుతి రిషభం పక్కనే అంతర గాంధారం వస్తుంది, చలనాటలో ఉన్నట్టు. దోషం అని, పాడితే కీడని, వాటి జోలికి పోనివాళ్లు చాలామంది ఉండేవారు. కోటీశ్వర అయ్యర్ గారు ఆ 40తో సహా మొత్తం 72 మేళాల్లోనూ కీర్తనలు రాశారు. ఇవాళ వాటిని పాడుతున్నారు, జనం వింటున్నారు. కీడేమీ జరగలేదు. చెవికి అలవాటు చేస్తే అందులో ఉన్న రుచి తెలుస్తుంది.

గిటారిస్టు: మాస్టారూ, మీరు చెప్పినట్టే మెటల్‌లో కూడా ఇది ఒక్కరోజులో రాలేదు. 1987లో స్విట్జర్లాండ్ బ్యాండు సెల్టిక్ ఫ్రాస్ట్ ‘ఇంటు ద పాండెమోనియం’ ఆల్బమ్‌లో వాయులీనాలు, డ్రమ్ మెషీన్లు తెచ్చి కలిపింది. అప్పటి అభిమానులు చాలామంది బిత్తరపోయారు. 1995లో నార్వే బ్యాండు వెడ్ బ్యూన్స్ ఎండే బ్లాక్ మెటల్‌లోకి జాజ్ నడకలు తెచ్చింది. 1998లో కెనడా నుంచి గోర్గట్స్ ‘ఒబ్‌స్క్యూరా’ వచ్చింది. అది డెత్ మెటల్ అనే ఇంకో శాఖే కానీ, ఇప్పుడు ఇలా రాపిడి స్వరాలతో వాయించే బ్యాండ్లన్నీ దానికి రుణపడి ఉన్నాయి. గోల్డ్‌స్టార్ రికార్డు చేసిన కొలిన్ మార్స్టన్, ‘ఒబ్‌స్క్యూరా’ తర్వాతి కాలంలో గోర్గట్స్‌లో బేస్ వాయించినవాడే. ఆయన స్టూడియో పేరు మెనెగ్రోత్. అంటే ఈ శబ్దం గోడలోపల ఏముందో తెలిసిన మనిషి చేతిలోనే రికార్డింగ్ జరిగింది.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ ఉంది. గాజువాక నుంచి ఒక తల్లి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో శ్రోత: నమస్తే మేడమ్. మా బాబు ఇంటర్ చదువుతున్నాడండి. రాత్రిపూట ఇలాంటివే చెవుల్లో పెట్టుకుని పడుకుంటాడు. ఒకసారి నేను పెట్టుకుని చూశాను, గుండె దడ వచ్చేసింది. దయ్యాల పాటలు, సైతాను పూజలు అని మా తోడికోడలు ఒకటే భయపెడుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

గిటారిస్టు: అమ్మా, మీ తోడికోడలి గారి భయానికి కారణం లేకపోలేదు, దాచడం ఎందుకు? బ్లాక్ మెటల్ నార్వేలో పెరిగిన రోజుల్లో ఘోరాలు జరిగాయి. 1992లో ఫాంటాఫ్ట్ అనే పాత చెక్క చర్చిని తగలబెట్టారు, ఆ తర్వాత ఇంకా కొన్నింటిని. 1993లో మేహెమ్ బ్యాండు గిటారిస్టుని ఇంకో సంగీతకారుడు పొడిచి చంపాడు. జాతి ద్వేషం చల్లిన బ్యాండ్లు కూడా ఉన్నాయి. నేను ఏ బ్యాండు విన్నా ముందు వాళ్లెవరు, ఏం మాట్లాడతారు అని చూసుకునే వింటాను. మీ బాబుకి కూడా అదే చెప్పండి. ఇవాళ మనం మాట్లాడుతున్న వీళ్లు పాడేది తమ ఊరి గురించి. న్యూయార్క్ డబ్బు, మేడలు, ఆ మెరుపు కింద కుళ్లు, అదీ వాళ్ల వస్తువు. బాబుని కూర్చోబెట్టి ఏం నచ్చిందిరా అని అడగండమ్మా. ఈ సంగీతం వినే పిల్లలు దాని గురించి అడిగితే గంటలు గంటలు చెప్తారు. మా అమ్మ అలా అడిగింది కాబట్టే నేను ఇంట్లో తలుపు వేసుకోకుండా వాయిస్తాను.

సౌండ్ ఇంజనీరు: నాదొక్క మాటమ్మా. దయ్యాల సంగతి వదిలేయండి, చెవులు చూసుకోండి. పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పిల్లలకైతే 75 చాలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగం అయిపోతుంది. ఈ సంగీతం సన్నగా మొదలై పెద్దది కాదు, మొదటి నుంచి చివరి దాకా నిండుగానే ఉంటుంది. చెవికి మధ్యలో విశ్రాంతి దొరకదు. నిద్రపోతూ వినడం మాత్రం మాన్పించండి. ఫోన్‌లో వాల్యూమ్‌కి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటుంది, అది వాడండి.

ఫోన్‌లో శ్రోత: అలాగేనండి. అడిగి చూస్తాను వాడిని. థాంక్సండి.

వ్యాఖ్యాత: ఆమెకి ఇచ్చిన జవాబులో ‘మెరుపు కింద కుళ్లు’ అన్నావు. ఆల్బమ్‌లో అది ఎలా వినిపిస్తుంది? సాహిత్యం చాలామందికి అర్థం కాదు కదా.

గిటారిస్టు: పేరులోనే ఉంది అక్కా. గోల్డ్‌స్టార్ అనేది వాళ్లు ఊహించుకున్న ఒక సిగరెట్ బ్రాండు. ఆ పేరుతో ఉన్న పాట పాతకాలం ప్రకటనలా ఉంటుంది, చిన్నదే. చుట్టూ అంత భయంకరమైన శబ్దం పెట్టి మధ్యలో ఆ తియ్యటి ప్రకటన పెడతారు. ఆ తీపే ఆల్బమ్ మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది. మన మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్తుంటే రోడ్డు పొడుగునా బంగారు అక్షరాల హోర్డింగులు, విల్లాలు, ప్లాట్లు, స్వర్గం అని. వెనక కొండ సగం తవ్వేసి ఉంటుంది. ఆఫీసు నుంచి అటు వెళ్లినప్పుడు ఈ పాట విన్నాను. అప్పటి నుంచి ఆ హోర్డింగులు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

మృదంగం మాస్టారు: నిమిషం కూడా లేని పాట ఒకటి ఉంది. ఒక స్త్రీ కేకలు వేస్తుంది. అదేమిటి నాయనా?

గిటారిస్టు: యోషికో ఒహారా మాస్టారూ. వాళ్ల 2018 ఆల్బమ్ ‘వైల్ లగ్జరీ’లో కూడా ఉంది. ఆ పాట పేరు న్యూయార్క్ సిటీయే, మూడు మాటలూ కలిపేసి రాశారు. ఊరు మొత్తాన్ని నిమిషంలో కుక్కేశారు.

సౌండ్ ఇంజనీరు: సరిగ్గా ఇక్కడే నాకు పేచీ. తొమ్మిది పాటలు, 38 నిమిషాలు. ఈసారి కావాలని పాటలు కుదించారు. 2020లో వచ్చిన ‘ఆల్ఫావిల్’ నాకు ఇంతకంటే ఇష్టం. అందులో ఒక ఆలోచన వస్తే దాన్ని పెంచుతారు, పండనిస్తారు. ఒకచోట మనుషులు నలుగురు కలిసి పాత పద్ధతిలో కోరస్ పాడతారు, ఇంకోచోట స్వీడన్ మెటల్ బ్యాండు మెషుగా డ్రమ్మర్ తొమాస్ హాకే జపాను తైకో డ్రమ్ములు వాయిస్తాడు. ఆ చోటుకి వచ్చేసరికి మనకి తయారయ్యే టైము ఉంటుంది. గోల్డ్‌స్టార్‌లో ఒక అద్భుతమైన మలుపు వస్తుంది, అది చెవికి ఆనేలోపు ఇంకోటి మీద పడుతుంది. హాకే ఇందులోనూ ఉన్నాడు, అమెరికా మెటల్ బ్యాండు స్లేయర్ మాజీ డ్రమ్మర్ డేవ్ లొంబార్డో కూడా ఉన్నాడు. ‘ప్లెజర్‌డోమ్’ పాటలో ఇద్దరూ ఉన్నారు. లొంబార్డో అంతటివాడిని పిలిచి, ఆ తాళవాద్యాలు ఇంకో రెండు నిమిషాలు నడవనిస్తే ఏం పోయింది?

గిటారిస్టు: అక్కా, అలా నడవనిస్తే అది ఇంకో ఆల్బమ్ అయిపోతుంది. ఆల్ఫావిల్‌ని నేనూ ప్రేమిస్తాను. కానీ మా బ్యాండులో కొత్తగా చేరిన అబ్బాయికి అది వినిపిస్తే రెండో పాటకే లేచి వెళ్లిపోయాడు. గోల్డ్‌స్టార్ మొత్తం విన్నాడు. ఇందులో రిఫ్, అంటే గిటార్ మీద వాయించే చిన్న వరస, తిరిగి వస్తుంది, మెడ ఊపడానికి చోటు దొరుకుతుంది. కష్టం తగ్గలేదు, గుమ్మం కాస్త వెడల్పు చేశారు, అంతే.

సౌండ్ ఇంజనీరు: గుమ్మం వెడల్పు చేసి గదులు చిన్నవి చేస్తే ఏం లాభం? మిక్స్ గురించి కూడా చెప్పాలి. బ్లాక్ మెటల్‌లో గిటార్ మీద ట్రెమొలో వస్తుంది, అంటే ఒకే స్వరాన్ని ఆగకుండా వేగంగా మీటడం, డ్రమ్స్‌లో బ్లాస్ట్ బీట్ వస్తుంది, అంటే కాలు, చెయ్యి విడవకుండా దడదడ కొట్టడం. ఈ రెండూ కలిస్తే పై స్థాయిలు నిండిపోతాయి. పాత నార్వే రికార్డుల్లో బేస్ వినపడేదే కాదు. మార్స్టన్ అక్కడ గొప్ప పని చేశాడు. బ్లాంకో బేస్ ప్రతి మలుపులోనూ విడిగా వినపడుతుంది, జాజ్ డబుల్ బేస్‌లాగా తన దారిన తను నడుస్తుంది. అది వినే నేను ఆల్బమ్‌లో నిలబడ్డాను. కానీ గొంతు మాత్రం అన్నిచోట్లా ఒకే లోతులో కూర్చుంది. ఇన్ని రంగులున్న సంగీతంలో గొంతు ఒక్క రంగులోనే ఉండిపోయింది.

మృదంగం మాస్టారు: నేను మొదట్లో అన్న మాట మీరు శాస్త్రబద్ధంగా చెప్పారు.

గిటారిస్టు: అక్కడ నేను ఒప్పుకోను మాస్టారూ. ఆ గొంతుని గాయకుడిగా వినకండి. అన్నీ అటూ ఇటూ కదులుతుంటే ఏదో ఒకటి కదలకుండా ఉండాలి. తంబుర రాగం పాడదు కదా.

మృదంగం మాస్టారు: (కాసేపు ఆగి) మంచి మాటే. కానీ తంబుర శ్రుతి ఇస్తుంది నాయనా. ఈ గొంతు ఏమిస్తోంది?

గిటారిస్టు: కోపం. చాలాచోట్ల అసహ్యం. ‘లెక్సింగ్టన్ డెలీరియం’ పాట వినండి. లెక్సింగ్టన్ అవెన్యూ మీదే క్రైస్లర్ భవనం ఉంది, 1930లో కట్టింది, ఆ కాలంలో మెరుపులతో, పదునైన గీతలతో కట్టిన ఆర్ట్ డెకో శైలికి అదే శిఖరం. ఈ బ్యాండు ముఖోటాలు, అట్టల మీద బొమ్మలు అన్నీ ఆ శైలే. అంత అందం కట్టిన చేతులే మహామాంద్యం చూశాయి. ఆ రెండూ ఒకే గొంతులో పలకాలంటే తియ్యగా పలకదు.

వ్యాఖ్యాత: ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంతవరకూ మెటల్ విననివాళ్లు కూడా ఇప్పుడు వినాలనుకుంటున్నారనుకోండి.

సౌండ్ ఇంజనీరు: 2022లో వచ్చిన ‘స్పిరిట్ ఆఫ్ ఎక్‌స్టసీ’ నుంచి ఒక పాట. అందులో కెన్నీ జి శాక్సఫోన్ వాయించాడు. అవును, హోటల్ లాబీల్లో వినిపించే ఆ కెన్నీ జియే. తెలిసిన నాదం ఒకటి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. తర్వాత గోల్డ్‌స్టార్‌కి రండి. మొదటిసారి తక్కువ వాల్యూమ్‌లో వినండి. తక్కువలో విన్నప్పుడు అన్నీ విడివిడిగా తెలుస్తాయి.

గిటారిస్టు: నేనైతే ‘లెక్సింగ్టన్’ పాటతోనే మొదలుపెట్టమంటాను. మంచి స్పీకర్ల మీద, కాస్త గట్టిగానే. ఒక్కసారైనా ఒంటికి తగలాలి.

మృదంగం మాస్టారు: నేను ఇంకోటి చేయబోతున్నాను. ఆ పాటలో మొదటి రెండు నిమిషాల డ్రమ్స్‌ని మా శిష్యుల చేత జతుల్లో, అంటే తకధిమి లాంటి మాటల్లో, రాయిస్తాను. ఎక్కడ ఖండం, అంటే అయిదు లెక్క, ఎక్కడ మిశ్రం, అంటే ఏడు లెక్క, ఎక్కడ గతి మారింది, అన్నీ వాళ్లే పట్టుకోవాలి. రాశాక నోటితో పలికిస్తాను. నువ్వు గిటార్ తీసుకుని రా నాయనా. వాళ్లు జతులు చెప్తుంటే నువ్వు వాయించు.

గిటారిస్టు: తప్పకుండా వస్తాను మాస్టారూ. కానీ ఆ వేగంలో పలకగలరా?

మృదంగం మాస్టారు: ముందు విలంబంలో. తర్వాత రెండో కాలం. మూడో కాలంలో ఎవరు నిలబడతారో చూద్దాం.

సౌండ్ ఇంజనీరు: నాకు కూడా చెప్పండి, మైకులు పట్టుకొస్తాను. అది రికార్డు చెయ్యాల్సిందే.